ఇంటి ముందున్న క్రిస్మస్ చెట్టు లాంటిది మొత్తం ఎండిపోయింది, కొట్టించేయాలా?

కొత్తిల్లు_ఫ్రిస్కో · నవంబరు 16

మే నెలలో ఇల్లు కొన్నాం. ముందు యార్డ్‌లో పెద్ద చెట్టు ఉంది. రెండంతస్తుల ఇంటిని దాటి ఇంకో పదడుగులు పైకి పోయింది. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, గుడి గోపురంలా ఉంటుంది. ఆకులు పక్షి ఈకల్లా మెత్తగా, లేతాకుపచ్చగా ఉండేవి. ఆ నీడ చూసే మా ఆవిడ ఈ ఇల్లే కావాలంది.

సెప్టెంబరు చివర్లో లోపలి ఆకులు పసుపు పడ్డాయి. నీళ్లు చాలట్లేదేమో అని స్ప్రింక్లర్ టైం పెంచాను. అక్టోబరు దాటేసరికి చెట్టంతా తుప్పు రంగు. ఇప్పుడు ఒట్టి కొమ్మలు మిగిలాయి, డ్రైవ్‌వే నిండా ఎండు పీచు. క్రిస్మస్ చెట్టు జాతివి ఏడాదంతా పచ్చగా ఉంటాయనే కదా చిన్నప్పుడు చదువుకున్నాం? వీధిలో గడ్డి కోసే అతను చూసి చచ్చిపోయిందన్నాడు, 1,400 డాలర్లకు కొట్టేస్తానన్నాడు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి లెటర్ కూడా వచ్చింది, ఎండిన చెట్టు ముప్పై రోజుల్లో తీసేయాలని. పక్కింటివాళ్ల చెట్టూ ఇదే రకం, అదీ ఇలాగే అయింది. ఏదన్నా తెగులు పాకిందా? మా నాన్నగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు, రోజూ రెండు బకెట్లు మొదట్లో పోస్తున్నారు. చూస్తుంటే బాధేస్తోంది.

హూస్టన్_అత్తయ్య

బాబూ, రంపం దగ్గరికి రానీయకు. అది బాల్డ్ సైప్రస్ అయి ఉంటుంది. ప్రతి ఏడూ అంతే దాని పద్ధతి. మా వీధి పొడుగునా ఇవే, ఇప్పుడన్నీ అలాగే ఉన్నాయి.

జెర్సీ_జానకిరాం

అత్తయ్య గారు చెప్పిందే. పేరులోనే ఉంది చూడండి, బాల్డ్ అంటే బోడి. మన తెలుగులో గుండు సైప్రస్. ఏటా తిరుపతి వెళ్లి తలనీలాలు ఇచ్చొస్తుంది, ఉగాది లోపు మళ్లీ జుట్టు వచ్చేస్తుంది.

ప్లానో_ప్రసాద్

అంత తేలిగ్గా చెప్పేయకండి. ఫోటో లేదు, చూసినవాళ్లు లేరు. నిజంగా చచ్చిన చెట్టయితే గాలివానకి ఇంటి మీద పడుతుంది. చెట్లు పరీక్షించే, సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్ట్‌ను పిలిపించుకోమనండి ముందు.

వృక్షమిత్ర_రాలీ

ప్రసాద్ గారి మాట సబబే, పిలిపించుకోవాలి. కాకపోతే గడ్డి కోసే అతని మాట మీద కాదు. అంతలోపు మీరే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

పెన్సిల్ మందం కొమ్మ ఒకటి పట్టుకుని గోటితో బెరడు గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణంతో ఉన్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉండి కొమ్మ పుటుక్కున విరిగితే ఆ కొమ్మ పోయినట్టు. అయిదారు చోట్ల చూడాలి, ఒక్క కొమ్మ చూసి తీర్పు చెప్పకూడదు.

తర్వాత కింద రాలిన పీచు తీసుకోండి. ఇది ఒక్కొక్క సూదిగా రాలదు, సన్నటి రెమ్మ ఆకులతో సహా ఊడి పడుతుంది. ఆ రెమ్మ మీద ఆకులు ఎలా అమరాయో చూడండి. ఒకటి ఇటు, ఇంకాస్త పైన ఒకటి అటు ఉంటే బాల్డ్ సైప్రస్. రెండేసి ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటే అది వేరే చెట్టు, డాన్ రెడ్‌వుడ్. దూరం నుంచి రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి, నర్సరీవాళ్లు కూడా పొరపడతారు. ఇంకో గుర్తు కాయలు. సైప్రస్ కాయ గోలీ కంటే కాస్త పెద్దగా గుండ్రంగా ఉంటుంది, నలిపితే జిగురు వాసన. డాన్ రెడ్‌వుడ్ కాయ చిన్నది, పొడుగు తొడిమతో వేలాడుతుంది.

నీళ్లు మాత్రం ఆపించండి. ఆకు లేనప్పుడు చెట్టు తాగేది చాలా తక్కువ. నాన్నగారికి నా మాటగా చెప్పండి.

కొత్తిల్లు_ఫ్రిస్కో · నవంబరు 17

అయిదు చోట్ల గీకాను. అయిదూ పచ్చగా ఉన్నాయి! ఆకులు అటొకటి ఇటొకటి ఉన్నాయి, జంటలు కావు. గుండ్రటి కాయలు ఇంటి కప్పు అంచు గట్టర్‌లో నాలుగు దొరికాయి, చేతికి అంటుకున్న జిగురు సబ్బుకి కూడా పోవట్లేదు. వంటింట్లో నూనె రాస్తే పోయింది. అంటే ఇది సైప్రసే కదా?

నాన్నగారు గీకిన చోటల్లా పసుపు పెట్టారు.

వృక్షమిత్ర_రాలీ

అనుమానం లేదు, సైప్రసే. దాని శాస్త్రీయ నామం టాక్సోడియం డిస్టికం. పసుపు వల్ల నష్టం లేదు.

ఓరుగల్లు_పాప

నాకో సందేహం. సూది ఆకులు ఉన్నదే చలిని తట్టుకోవడానికి కదా? ఆకు రాల్చేటట్టయితే సూదిలా ఉండటం ఎందుకు, టేకులా వెడల్పుగా ఉండొచ్చుగా?

మంచుదేశం_మిన్నెసోటా

మంచి ప్రశ్న వేశావు చెల్లీ. ఆకు ఆకారం ఒక సంగతి, దాన్ని ఎన్నాళ్లు ఉంచుకుంటుందనేది వేరే సంగతి. శంఖు వృక్షాల్లో, అంటే క్రిస్మస్ చెట్టు కోవవాటిలో, ఆకు రాల్చేవి చాలా తక్కువ. లార్చ్‌లు, చైనాలో గోల్డెన్ లార్చ్, డాన్ రెడ్‌వుడ్, సైప్రస్‌లో ఈ రకం, దక్షిణ చైనా వైపు దాని చుట్టం ఒకటి. చెప్పుకోదగ్గవి ఇంతే.

మా దగ్గర టామరాక్ అని లార్చ్ ఉంది. బురద నేలల్లో, నీళ్లు నిలిచే బోగుల్లో పెరుగుతుంది. అక్టోబరులో మిగతా చెట్ల రంగుల సంబరం అయిపోయాక ఇది మొదలుపెడుతుంది. బోగు మొత్తం పసుపు, సాయంత్రం ఎండ పడితే ఇత్తడి బిందె తోమి పెట్టినట్టు మెరుస్తుంది. రెండు వారాలు కూడా ఉండదు, ఒక్క గాలికి మొత్తం కింద పడుతుంది. సూదులు గుత్తులు గుత్తులుగా ఉంటాయి, ముట్టుకుంటే పిల్లల జుట్టంత మెత్తన. ఒక్క సీజన్ ఉంటే చాలు కాబట్టి ఆ ఆకుకి మందమూ, మైనం పూతా అంతగా అక్కర్లేదు. ఏడాది పొడుగునా ఉండే స్ప్రూస్ సూదిని పట్టుకుని చూడు, గుచ్చుకుంటుంది. అదీ తేడా.

బాధపడే సంగతి కూడా ఉంది. 2000 తర్వాత నుంచి లార్చ్ బీటిల్ అనే పురుగు బెరడు కింద చేరి ఇక్కడి టామరాక్ అడవులను లక్షల ఎకరాల్లో దెబ్బతీసింది. వేసవులు పొడుగై, ఆ పురుగుకి పిల్లల్ని పెట్టడానికి ఎక్కువ టైం దొరుకుతోందని అటవీశాఖవాళ్లు చెబుతున్నారు. మేం ఏటా వెళ్లే బోగులో ఇప్పుడు సగం చెట్లు వసంతంలో కూడా చిగురించట్లేదు. అక్కడ మాత్రం "ఎండిపోయింది" అన్నమాట నిజం. అందుకే గీకి చూడమన్న రాలీ గారి సలహా నాకు బాగా నచ్చింది.

కాకినాడ_కాజా

మన దేశంలో కూడా ఉందండోయ్ లార్చ్. సిక్కింలో లాచుంగ్ నుంచి యుమ్‌తాంగ్ పోయే దారిలో చూశాం, నవంబరు మొదట్లో. నల్లగా కనబడే ఫర్ చెట్ల మధ్య పసుపు చెట్లు. ఎండిపోయాయేమో అని డ్రైవర్‌ని అడిగితే నవ్వాడు. హుకర్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త 1849లో ఆ లోయల్లోనే తిరిగాడు, హిమాలయన్ లార్చ్ శాస్త్రీయ నామంలో మాత్రం గ్రిఫిత్ అనే ఇంకో వృక్షశాస్త్రవేత్త పేరు ఉంటుంది.

ఓరుగల్లు_పాప

మరి మన సరుగుడు? అది కూడా సూదులే కదా, కాయ కూడా చిన్న పైన్ కాయలా ఉంటుంది.

కాకినాడ_కాజా

సరుగుడు శంఖు వృక్షమే కాదు పాపా! అది పూలు పూసే చెట్టు. మనం సూది అనుకునేది ఆకు కాదు, సన్నటి కొమ్మ. అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర చిన్న పొలుసుల్లా ఉంటాయి. కణుపు దగ్గర పట్టి లాగితే ఊడొస్తుంది, చిన్నప్పుడు ఉప్పాడ బీచ్‌లో సర్వి పుల్లలు ఊడదీసి మళ్లీ అతికించి, ఎక్కడ విరిచానో చెప్పమని ఆడేవాళ్లం.

ఓరుగల్లు_పాప

ఇన్నాళ్లూ నేను మా పిల్లాడికి తప్పు చెప్పాను. ఇవ్వాళే సరిదిద్దుతాను.

ప్లానో_ప్రసాద్

సరే, బతికే ఉందని తేలింది. ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం నేను చెబుతాను. మా పాత ఇంట్లో ఇదే చెట్టు, పదిహేనేళ్ల వయసు. దాని వేర్ల నుంచి లాన్‌లో మోకాళ్లు లేచాయి. నిజంగానే వాటి పేరు సైప్రస్ మోకాళ్లు. చెక్క మేకుల్లా నేలలోంచి అరడుగు పొడుచుకొచ్చాయి. లాన్ మోవర్ బ్లేడు రెండు సార్లు పోయింది. మా అమ్మ తులసి కోట దగ్గరికి పోతూ ఒకదానికి తట్టుకుని పడి, మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. చెట్టు అందంగా ఉంటుంది, కాదనను. అరవై డెబ్భై అడుగులు ఎక్కే చెట్టుని యాభై అడుగుల ప్లాటులో ఇంటికి పన్నెండడుగుల దూరంలో పెట్టిన బిల్డర్లది తప్పు. మా అమ్మ పడ్డాక నాకు దాని మీద ప్రేమ పోయింది.

హూస్టన్_అత్తయ్య

అయ్యో, అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?

ప్లానో_ప్రసాద్

బాగానే ఉందండి. చపాతీలు ఒత్తితే మాత్రం నొప్పి అంటుంది.

వృక్షమిత్ర_రాలీ

ప్రసాద్ గారూ, మీ బాధ న్యాయమైనది. అది చిన్న సమస్య అని నేను అనను. మోకాళ్లు ఎక్కువగా వచ్చేది నేల ఎప్పుడూ తడిగా ఉన్న చోట. లాన్‌కి రోజూ స్ప్రింక్లర్ పెట్టామంటే చిత్తడి నేలని మనమే తయారుచేసి ఇచ్చినట్టు. చెట్టు కింద గడ్డి పెంచడం మానేసి, కొమ్మల అంచుదాకా మూడంగుళాల మల్చ్ (చెక్క పొట్టు, ఎండాకు లాంటిది) పరిచి, నడిచే దారి వేరే చోట పెట్టుకుంటే ఈ తగాదా ఉండదు. మల్చ్ మొదలుకి తగలకుండా అర అడుగు ఎడం ఉంచాలి. మోకాళ్లను నేల మట్టానికి కింద కోసినా చెట్టుకి పెద్ద హాని కనబడదు, కానీ అవి మళ్లీ లేస్తాయి.

కొత్తగా నాటేవాళ్లయితే ఇంటి గోడకి కనీసం ఇరవై అడుగులు వదలండి. అంత జాగా లేనివాళ్లకి సన్నగా పెరిగే షానీ బ్రేవ్ అనే రకం ఉంది. చిన్న రకం కావాలంటే పీవ్ మినారెట్.

కాకినాడ_కాజా

ఆ మోకాళ్లు మన కోరింగ మడ అడవిలో బురదలోంచి లేచే ఊపిరి వేళ్ల లాంటివేనా? బోర్డ్‌వాక్ మీద నుంచి చూస్తే నేల నిండా మేకులు దిగ్గొట్టినట్టు ఉంటాయి.

వృక్షమిత్ర_రాలీ

చూడటానికి అలాగే ఉంటాయి కాబట్టి వందేళ్ల పైనుంచీ అందరూ ఊపిరి కోసమే అనుకున్నారు. మడ చెట్టు విషయంలో అది నిజం, గాలి లోపలికి పోయే రంధ్రాలు ఉంటాయి. సైప్రస్ మోకాలికి అలాంటి ఏర్పాటు స్పష్టంగా లేదు, మోకాళ్లు కోసేసిన చెట్లు కూడా మామూలుగానే బతికాయి. మెత్తటి బురదలో చెట్టుకి ఊతం అని ఒక వాదన. ఇప్పటికీ తేలలేదు.

ఊతం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మా కరొలినా తీరంలో తుపాను వచ్చి వెళ్లాక చూస్తే పైన్‌లు నడిమికి విరిగి, ఓక్‌లు వేర్లతో లేచి పడి ఉంటాయి. సైప్రస్‌లు రెమ్మలు పోగొట్టుకుని నిలబడి ఉంటాయి. మొదలు అంత వెడల్పు, ఆకు అంత సన్నం, గాలి మధ్యలోంచి పోతుంది. ఇక్కడ బ్లాక్ రివర్ అనే నల్లటి నీళ్ల నది ఉంది. దాని ఒడ్డున ఒక సైప్రస్‌కి కనీసం 2,624 ఏళ్లని 2019లో డేవిడ్ స్టాల్ అనే శాస్త్రవేత్త బృందం ప్రకటించింది. చెట్టుకి హాని లేకుండా సన్నటి గొట్టంతో చెక్క నమూనా తీసి వలయాలు లెక్కపెట్టారు. మన అమరావతి స్తూపానికి మొదటి రాయి పడకముందే ఆ చెట్టు ఉంది. పడవలో వెళ్లి చూశాను. పైభాగం విరిగిపోయి, కాండం మెలికలు తిరిగి, పెద్ద అందగత్తె ఏమీ కాదు. దాని కింద పడవ ఆపుకుని అరగంట ఎవరం మాట్లాడలేదు.

జెర్సీ_జానకిరాం

మీరందరూ సైప్రస్ పక్షం. నేను డాన్ రెడ్‌వుడ్ పక్షం, ఎందుకో చెబుతాను.

1941లో షిగెరు మికి అనే జపాన్ శాస్త్రవేత్త శిలాజాల్లో ఒక చెట్టుని చూసి, ఇది రెడ్‌వుడ్ కాదు, వేరే ప్రజాతి అని గుర్తించి మెటాసెకోయా అని పేరు పెట్టాడు. అంటే లక్షల ఏళ్ల క్రితమే అంతరించిన చెట్టుగా లెక్క. సరిగ్గా ఆ రోజుల్లోనే చైనాలో, యుద్ధం మధ్యలో, హుబే–సిచువాన్ సరిహద్దు దగ్గర మోదావో అనే పల్లెలో ఒక పెద్ద చెట్టు ఊరివాళ్ల పూజలందుకుంటూ నిలబడి ఉంది. దాని మొదట్లో చిన్న గుడి కూడా ఉండేది. ఊరివాళ్లు దాన్ని నీటి ఫర్ అనేవాళ్లు. 1943లో వాంగ్ జాన్ అనే అటవీ అధికారి కొమ్మలు, కాయలు కోసుకెళ్లాడు. హు షియన్సు, జెంగ్ వాన్‌జున్ అనే ఇద్దరు పండితులు పోల్చి చూసి, శిలాజంలోని చెట్టూ ఇదీ ఒకటేనని 1948లో ప్రకటించారు.

విత్తనాల కోసం బోస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటం అనే చెట్ల తోట డైరెక్టర్ మెరిల్ 1947లో పంపింది 250 డాలర్లు. ఆ డబ్బుతో చైనా వాళ్లు కొండలెక్కి కాయలు ఏరారు. 1948 జనవరిలో విత్తనాలు బోస్టన్ చేరాయి, అక్కడి నుంచి ప్రపంచంలో ఎన్నో తోటలకు పొట్లాలు వెళ్లాయి. ఇప్పుడు న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఉన్నాయి, మా టౌన్ లైబ్రరీ ముందు ఉంది. అక్కడ చైనా కొండల్లో మాత్రం అడవిచెట్లు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి, వాటి కింద వరి, మొక్కజొన్న సాగు వచ్చేసి కొత్త మొలకలు లేవట్లేదు.

మా అమ్మాయి పుట్టిన ఏడు మేం ఒకటి నాటాం. మోకాలెత్తు మొక్క. ఇప్పుడు అమ్మాయికి పదకొండేళ్లు, చెట్టు ముప్పై అడుగులు దాటింది. కాండం మీద ప్రతి కొమ్మ కింద చంకలా లోపలికి గుంట పడుతుంది, అమ్మాయి ఆ గుంటల్లో రాళ్లు దాస్తుంది.

గోదారిగట్టు

జానకిరాం గారూ, ఊరివాళ్లు గుడి కట్టుకున్నారు కాబట్టే కదా ఆ చెట్టు మిగిలింది. మన రావిచెట్టుకి ముడుపులు కట్టినట్టే.

జెర్సీ_జానకిరాం

ఖచ్చితంగా. ఆ పల్లె చెట్టు ఇప్పటికీ ఉంది.

మంచుదేశం_మిన్నెసోటా

పాప అడిగిన ప్రశ్నకి ఇంకో ముక్క. కెనడా ఆర్కిటిక్‌లో ఆక్సెల్ హైబర్గ్ దీవిలో నాలుగున్నర కోట్ల ఏళ్ల నాటి మెటాసెకోయా మొద్దులు దొరికాయి. రాయిగా మారలేదు, ఇప్పటికీ చెక్కే, రంపంతో కోయొచ్చు. అప్పుడు అక్కడ వెచ్చగా ఉండేది, కానీ చలికాలమంతా నెలల తరబడి చీకటి. వెలుగు లేనప్పుడు ఆకుని పోషించడం దండగ కాబట్టి రాల్చడం నేర్చుకుందని చాలాకాలం చెప్పారు. తర్వాత ఇవే చెట్లను చీకటి గదుల్లో పెంచి లెక్కలు కడితే, ఆకు ఉంచుకోవడం కంటే కొత్తగా వేసుకోవడానికే ఖర్చెక్కువ అని తేలింది. ఆ వాదన ఇప్పుడు అంత గట్టిగా నిలబడట్లేదు.

గోదారిగట్టు

ఆర్కిటిక్ సంగతి అటుంచండి. నాకు కరెంటు బిల్లు సంగతి తెలుసు. మా ఇల్లు ఆస్టిన్ దగ్గర, పడమటి ముఖం. ఆ వైపు ఎవర్‌గ్రీన్ పెడితే చలికాలం హాలు చీకటి గుయ్యారం. సైప్రస్ పెట్టాక ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సాయంత్రం ఎండ ఆపుతుంది, డిసెంబరులో ఎండ సోఫా దాకా వస్తుంది. మా అత్తగారు వచ్చినప్పుడు ఆ సోఫాలోనే ఉండి ఒడియాలు కూడా లోపలే ఆరబెట్టింది. ఎండాకాలం నీడ, శీతాకాలం ఎండ, రెండూ ఒకే చెట్టు దగ్గర.

రాలిన ఆకు కూడా సన్నం. ఓక్ ఆకులు సంచుల్లో నింపి ఎత్తాలి. ఇది గడ్డిలో కలిసిపోతుంది, నేను వంగ మడిలో పరుస్తాను.

ప్లానో_ప్రసాద్

గట్టర్లలో ఏమవుతుందో కూడా చెప్పండి. సన్నటి పీచు జల్లెడ పట్టినా ఆగదు.

గోదారిగట్టు

అది నిజం. ఏటా రెండుసార్లు నిచ్చెన ఎక్కుతాను.

వృక్షమిత్ర_రాలీ

ఫ్రిస్కో గారికి ఇంకో మాట. మీ నేల మన నల్లరేగడి లాంటిదే. ఎండితే పగుళ్లు, తడిస్తే బంక. క్షార గుణం ఎక్కువ. ఆ నేలలో ఇనుము ఉన్నా చెట్టుకి అందదు. జూన్ నాటికే కొత్త ఆకులు పచ్చదనం పోయి పసుపు తిరిగితే అది ఇనుము లోపం. అలాంటి నేలలో పనిచేసేది ఇ-డి-డి-హెచ్-ఎ అనే కీలేట్ (ఇనుము బిగుసుకుపోకుండా పట్టి ఉంచే పదార్థం) రూపంలో ఉన్న ఇనుము, సంచి మీద ఆ అక్షరాలు చూసి కొనండి. మామూలు ఐరన్ సల్ఫేట్ నేలలో పడగానే బిగుసుకుపోతుంది. నడివేసవిలో కరువుకి కూడా ఈ చెట్టు ముందే ఆకు రాలుస్తుంది, అప్పుడు వారానికోసారి నిదానంగా, లోతుగా నీళ్లు పెట్టండి.

హెచ్‌ఓఏకి మెయిల్ ఇలా రాయండి: చెట్టు పేరు, ఇది శీతాకాలంలో ఆకు రాల్చే జాతి, ఆర్బరిస్ట్ పరీక్షించిన రిపోర్టు జతచేశాం, వసంతంలో మళ్లీ వచ్చి చూడండి. కోపంగా రాయకండి.

హైటెక్_సిటీ_వేణు

హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీ చెరువు పక్కన ఈ సైప్రస్ పెడితే ఎలా ఉంటుంది? మా ల్యాండ్‌స్కేప్ కమిటీలో అడుగుతున్నారు.

గోదారిగట్టు

నన్నడిగితే వద్దు తమ్ముడూ. దాని రాగి రంగు చలి వల్ల వచ్చేది, మన దగ్గర ఆ చలి ఏదీ? చెరువు గట్టుకి నల్లమద్ది, నేరేడు, కానుగ ఉన్నాయి. ఆకు రాల్చి అందంగా ఉండేది కావాలంటే ఒక మోదుగ పెట్టండి, ఫిబ్రవరిలో ఒక్క ఆకు లేకుండా చెట్టంతా పూస్తుంది. దాన్ని చూసి ఎవరూ చచ్చిపోయిందని అనరు.

హైటెక్_సిటీ_వేణు

నల్లమద్ది బాగుంది అన్నా, కమిటీలో పెడతాను.

హూస్టన్_అత్తయ్య

టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఒకసారి గార్నర్ స్టేట్ పార్క్ వెళ్లండి. ఫ్రియో నది పొడుగునా సైప్రస్‌లే. నవంబరులో నీళ్లలో రంగు పడుతుంది. శాన్ ఆంటోనియో రివర్ వాక్‌లో కూడా నది మీదికి వంగి ఉండే పెద్ద చెట్లు ఇవే. మా వారికి సర్జరీ అయ్యాక మొదటిసారి నడిచింది అక్కడే. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి లెక్కపెట్టుకుంటూ నడిచారు.

కొత్తిల్లు_ఫ్రిస్కో · డిసెంబరు 11

అందరికీ రుణపడి ఉంటాను. ఆర్బరిస్ట్ వచ్చి చూసి వంద శాతం ఆరోగ్యం అన్నారు, రిపోర్టు ఇచ్చారు. వృక్షమిత్ర గారు చెప్పినట్టే మెయిల్ రాశాను, లెటర్ వెనక్కి తీసుకున్నారు.

చెప్పలేక చెబుతున్నాను. పక్కింటివాళ్లు వాళ్ల చెట్టు కొట్టించేశారు. నేను థాంక్స్‌గివింగ్‌కి ఊళ్లో లేను. వాళ్లకీ అదే లెటర్ వచ్చింది, వాళ్లు అదే మనిషిని పిలిచారు. ఈ చర్చ లింకు పంపుదామనుకున్నాను, వాళ్లకి తెలుగు రాదు, తిరిగొచ్చాక నోటితో చెబుదాంలే అనుకున్నాను. వచ్చేసరికి మొద్దు ఉంది. వేర్లతో తవ్వడానికి ఇంకో 600 అడిగాడట, అందుకని అలాగే వదిలేశారు. నాన్నగారు వెళ్లి మొద్దు మీద చెయ్యి పెట్టి చూశారు, తడిగా ఉంది. వలయాలు లెక్కపెట్టారు, పద్దెనిమిది. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

హూస్టన్_అత్తయ్య

అయ్యో పాపం.

ప్లానో_ప్రసాద్

నేను ఇక్కడ చెట్టుకి వ్యతిరేకంగా మాట్లాడాను కానీ, ఇది విని నాకూ మనసు పాడైంది. తెలిసి తీసేయడం వేరు, చచ్చిందనుకుని తీసేయడం వేరు.

వృక్షమిత్ర_రాలీ

ఫ్రిస్కో గారూ, ఆ మొద్దుని తవ్వించొద్దని చెప్పండి. మందు కూడా పోయనీయకండి. పైన్‌లు చాలావరకు కొట్టేస్తే మళ్లీ లేవవు. శంఖు వృక్షాల్లో మొద్దు నుంచి చిగురించేవి చాలా కొద్ది, వాటిలో సైప్రస్ ఒకటి, వయసులో ఉన్న చెట్టయితే. పద్దెనిమిదేళ్లంటే దానికి చిన్నతనమే. ఏప్రిల్ దాకా చూద్దాం.

కొత్తిల్లు_ఫ్రిస్కో · ఏప్రిల్ 6

మా చెట్టు మార్చి మూడో వారంలో పచ్చబడింది. కొమ్మ కొమ్మకీ జొన్న గింజంత మొగ్గలు, వారం తిరిగేసరికి ఈకలు విప్పుకున్నాయి. హెచ్‌ఓఏ ఆవిడ కారు ఆపి ఫోటో తీసుకుంది.

అసలు విషయం అది కాదు. ఇవాళ పొద్దున నాన్నగారు కేక వేశారు. పక్కింటి మొద్దు అంచు చుట్టూ పదిహేను పైగా చిగుళ్లు! వేలెడు పొడుగు ఉన్నాయి. వాళ్లావిడ కూడా బయటికొచ్చి మోకాళ్ల మీద కూర్చుని చూసింది. చూస్తూ ఏడ్చింది. ఉంచుకుంటామన్నారు. అన్నీ వదిలేయాలా, కత్తిరించాలా?

వృక్షమిత్ర_రాలీ

ఈ ఏడాది అన్నీ ఉంచండి, వేర్లకి ఆహారం కావాలి. వచ్చే ఫిబ్రవరిలో, ఆకు రాకముందు, నేలకి దగ్గరగా పుట్టి నిటారుగా, బలంగా ఉన్నదాన్ని ఒకటి ఎంచుకుని మిగతావి తీసేయండి. మొద్దు పైఅంచు మీద మొలిచినదాన్ని ఎంచుకోవద్దు, చెక్క కుళ్లినప్పుడు అది విరిగిపోతుంది. ఒక కర్ర పాతి వదులుగా కట్టండి. గడ్డి కోసే మిషన్ తగలకుండా చుట్టూ కంచె వేయండి.

కొత్తిల్లు_ఫ్రిస్కో

కంచె అయిపోయింది. నాన్నగారు మా టమాటా పందిరి ఊడదీసి తీసుకెళ్లి వాళ్ల మొద్దు చుట్టూ పాతేశారు.

ప్లానో_ప్రసాద్

దారికి ఎంత దూరంలో ఉందో చూసుకోండి. మోకాళ్లు లేస్తాయి. మల్చ్ నా దగ్గర ఆరు బస్తాలు మిగిలింది, ఈ శనివారం తెచ్చి ఇస్తాను.